జబ్బు కబురు ఎవరి నోట ఇంటికి చేరుతుంది: రాయగడ పరిశోధకురాలికి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందు చెప్పుకుంటాను. ఒడిశాలోని రాయగడ, గుణుపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో డాక్టరు ఒడియాలో చెప్పిన మాట రోగికి చేరేలోపల ఎలా మారుతుందో చూసి, దానికీ ఆ ఇంటి సంబంధాలకూ ఉన్న ముడిని మీరు పిహెచ్.డి. అంశంగా తీసుకోదలచారు. మీ గైడుగారు 200 ఇళ్ళలో కుటుంబ సంభాషణ స్కేలు, అంటే ఇంట్లో మాటల తీరును కొలిచే ప్రశ్నల పట్టిక, నింపించమన్నారు. ఇంటివారందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలా, విడివిడిగా అడగాలా అన్నది మీ మొదటి సందేహం. మీ నాయనమ్మగారికి క్యాన్సర్ వస్తే ఇంట్లోవారు చివరిదాకా 'అల్సరు' అనే చెప్పారని, ఆ అనుభవాన్ని కూడా పరిశోధనలో చేర్చవచ్చునా అని రెండవ సందేహం. రెండింటికీ సమాధానం చెబుతాను. అయితే మీ ప్రతిపాదన అడుగున ఒక ఊహ ఉంది, దానిని కదిలించకుండా మిగిలినవి సర్దలేము.

మాట మారడానికి కారణం భాష అన్నదే ఆ ఊహ. డాక్టరుకు తెలుగు రాదు, రోగికి ఒడియా రాదు, మధ్యలో కొడుకో మనవరాలో దుబాసీ అవుతారు, అక్కడ పొరపాటు జరుగుతుంది అని రాశారు. పర్లాకిమిడి నుంచి కొరాపుట్ దాకా ఇరవై రెండేళ్ళుగా ఈ ఇళ్ళ అరుగుల మీదా, నేను కూడా ఆడదానినే కాబట్టి వంటింటి గడపల మీదా కూర్చుని విన్న తరువాత నాకు తోచినది వేరు. భాష అడ్డు నిజమే. కానీ అది సగం కారణం, మిగతా సగానికి సాకు. జబ్బు సంగతి ఎవరికి తెలియవచ్చు, ఎవరికి తెలియకూడదు అన్నది ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే ఇంట్లో తేలిపోయి ఉంటుంది. రోగికి ఒడియా రాకపోవడం ఆ తీర్పును చప్పుడు లేకుండా అమలు చేయడానికి పనికివస్తుంది.

ఈ రెండు సగాలనూ విడదీసి చూసే వీలు మన సరిహద్దులో ఉన్నంతగా మరోచోట దొరకడం కష్టం. రాయగడ కుటుంబం ఒకే జబ్బుకు ఒకసారి కొరాపుట్‌లోని లక్ష్మణ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రికో, బరంపురంలోని ఎం.కె.సి.జి. ఆసుపత్రికో వెళుతుంది. నయం కాకపోతే రైలెక్కి విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి వెళుతుంది. అక్కడ డాక్టరు తెలుగులోనే మాట్లాడతాడు. తప్పంతా భాషదే అయితే విశాఖలో రోగికి అన్నీ తెలిసిపోవాలి. నేను చూసినంతలో అలా జరగదు. కొడుకు ముందుగా తానొక్కడే లోపలికి వెళ్ళి, "మా అమ్మ ముందు జబ్బు పేరెత్తకండి సార్" అని బతిమాలి వచ్చి, ఆ తరువాతే తల్లిని చేయి పట్టుకుని తీసుకువెళతాడు. కొరాపుట్‌లో అతనికి ఆ బతిమాలే పని ఉండదు, భాషే ఆ పని చేసిపెడుతుంది. కాబట్టి 200 ఇళ్ళను ఒక్కసారి పలకరించడం కంటే, రెండు చోట్లకూ వెళ్ళిన కొన్ని ఇళ్ళను ఎంచుకుని, అదే కుటుంబం అక్కడెలా, ఇక్కడెలా మసలుకుందో పోల్చడం మీకు ఎక్కువ చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. విశాఖ దాకా వెళ్ళగలిగిన ఇల్లు అన్ని ఇళ్ళలాంటిది కాదు. రైలు ఖర్చు, దిగడానికి చుట్టాల ఇల్లు, నాలుగు రోజులు కూలి పోయినా తట్టుకునే శక్తి దానికి ఉంటాయి. ఆ తేడాను మొదటి అధ్యాయంలోనే ఒప్పుకోకపోతే పరీక్షకులు తప్పకుండా పట్టుకుంటారు.

చుట్టాల మాట ఊరికే అనలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. గీత పడింది గాని పెళ్ళిసంబంధాలు ఆగలేదు. ఇవాళ్టికీ గుణుపురం ఇంటి కోడలి పుట్టిల్లు పార్వతీపురంలోనో, పాలకొండలోనో ఉంటుంది. జబ్బు విషయంలో నిర్ణయం చేసేవారు కూడా అలాగే గీతకు రెండు వైపులా పరచుకుని ఉంటారు. జాన్ జాన్‌జెన్ అనే మానవశాస్త్రవేత్త 1978లో ఆఫ్రికాలోని దిగువ జైరే ప్రాంతపు కొంగో ప్రజల గురించి రాస్తూ, రోగి చుట్టూ చేరి ఏ వైద్యం, ఎక్కడ, ఎంతవరకు అని తేల్చే బంధువుల గుంపును ఒక ప్రత్యేకమైన ఏకకంగా గుర్తించాడు. మన ఇళ్ళకు అమెరికన్ స్కేళ్ళ కంటే ఆ ఆఫ్రికా పరిశీలనే దగ్గరగా ఉంటుందని నా నమ్మకం. మీరు ఇల్లు అని రాసుకున్న ప్రతిచోటా, ఒకే పొయ్యి మీద వండుకునేవారినా, జబ్బు కబురు అందగానే ఫోను చేసి సలహా చెప్పే హక్కున్న వారందరినా ఉద్దేశిస్తున్నారో నిర్ణయించుకోండి. శ్రీకాకుళంలో ఉండే మేనమామ రెండవ లెక్కలోనే వస్తాడు, తరచూ చివరి మాట కూడా అతనిదే అవుతుంది.

ఇక దుబాసీ సంగతి. తర్జుమా పొరపాట్లను లెక్కపెట్టిన పరిశోధనలలో 2003లో గ్లెన్ ఫ్లోరెస్ బృందం ప్రచురించినది మీకు తప్పక అక్కరకు వస్తుంది. అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు పిల్లలను డాక్టరుకు చూపించిన 13 సందర్భాలను వారు రికార్డు చేసి వింటే 396 పొరపాట్లు తేలాయి, అంటే ఒక్కో సందర్భానికి 30కి పైగా. వాటిలో సగానికి పైగా మాటను విడిచిపెట్టడం వల్ల వచ్చినవే. వైద్యానికి హాని చేయగల పొరపాట్లు ఆసుపత్రి నియమించిన దుబాసీల విషయంలో 53 శాతం ఉంటే, అప్పటికప్పుడు దొరికినవారి విషయంలో 77 శాతం. అలా దొరికినవారిలో 11 ఏళ్ళ తోబుట్టువు కూడా ఉంది. ఈ లెక్కలు వాడుకోండి, కానీ విడిచిపెట్టిన ప్రతి మాటనూ పొరపాటు గానే గణించే వారి పద్ధతిని మాత్రం మక్కికి మక్కిగా తీసుకోకండి. మన ఇళ్ళలో కొడుకు విడిచిపెట్టే మాట చాలాసార్లు తెలిసి విడిచిపెట్టినదే. దానిని పొరపాటు గడిలో వేస్తే మీ పరిశోధనలో అసలు విషయమే ఆ గడిలో సమాధి అవుతుంది.

పైగా డాక్టరు మాట రోగికి రావడం ఒక దారి మాత్రమే. రోగి మాట డాక్టరుకు చేరే దారిని మీ ప్రతిపాదన అసలు తలచలేదు, నా దృష్టిలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. ఒడియా మాధ్యమంలో చదివిన పన్నెండేళ్ళ మనవడిని వెంటబెట్టుకుని ఒక పెద్దావిడ ఆసుపత్రికి వచ్చింది. ముట్లు ఆగిన పదేళ్ళకు మళ్ళీ రక్తం కనబడుతోంది ఆమెకు. ఆ మాట మనవడి నోటితో ఎలా చెప్పిస్తుంది? నడుం నొప్పి అని చెప్పించింది, నడుం నొప్పికే మాత్రలు తెచ్చుకుంది. పిల్లవాడి తర్జుమాలో ఒక్క తప్పు లేదు. తెల్లబట్ట అవుతోందని మామగారి ఎదుట చెప్పలేని కోడలిదీ ఇదే పరిస్థితి. మహారాష్ట్ర సరిహద్దులో, మన సిరోంచ తెలుగువారు ఉండే గడ్చిరోలి జిల్లాలో రాణీ బంగ్ బృందం రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ప్రచురించిన ఫలితాలు చూడండి. 92 శాతం మందికి స్త్రీ సంబంధమైన ఏదో ఒక వ్యాధి ఉంది, అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలో డాక్టరు కొరత కొంత ఉండవచ్చు, కానీ ఎవరి ముందు ఏ మాట అనకూడదు అన్న ఇంటి కట్టుబాటు కూడా ఉందని నేను అనుకుంటాను.

నవ్వు తెప్పించే అడ్డంకులూ లేకపోలేదు. ఒడియాలో ముండొ అంటే తల. తల తిరుగుతోందా అని డాక్టరు మర్యాదగానే అడిగితే, తనను అంత మాట అన్నాడని అలిగి లేచి వచ్చేసిన ముత్తైదువను నేను స్వయంగా సముదాయించాను. ఇలాంటివి మీ డైరీలో రాసుకోండి, కానీ వాటి మీద అధ్యాయం కట్టకండి. అవి ఒక్క పూటలో తేలిపోతాయి.

మీ గైడుగారు చెప్పిన స్కేలు రిచీ, ఫిట్జ్‌ప్యాట్రిక్ 1990లో సవరించి ఇచ్చిన 26 అంశాల పట్టిక అయి ఉంటుందని అనుకుంటున్నాను. ఇంట్లో ఎంత విరివిగా మాట్లాడుకుంటారు, పెద్దల మాటకు ఎంత కట్టుబడి ఉంటారు అన్న రెండు కొలతల మీద అది కుటుంబాలను నాలుగు రకాలుగా విడదీస్తుంది. దానిని పారేయమని నేను చెప్పను. కానీ అది తల్లిదండ్రులు, పిల్లలు అనే జంటను దృష్టిలో పెట్టుకుని తయారైనది. మన ఇంట్లో మాట స్వేచ్ఛ ఇంటిని బట్టి ఉండదు, వరసను బట్టి ఉంటుంది. మామగారి ముందు నోరెత్తని కోడలే వదినతో అన్నీ చెప్పుకుంటుంది; తండ్రి ముందు తల దించుకునే కొడుకే మేనమామతో డాక్టరు చీటీ ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడతాడు. ఆ ఇంటికి మీరు ఒకే మార్కు వేస్తే అది ఎవరి మార్కు? స్కేలు వాడాలనుకుంటే ఇంటికి కాక ఒక్కొక్క వరసకు విడిగా వాడండి. తెలుగులోకి మార్చేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. బ్రిస్లిన్ 1970లో సూచించిన పద్ధతిలో వేరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకున్నా దొరకని తేడాలుంటాయి. పెద్దలతో అభిప్రాయభేదం తెలపడం అన్నదానిని మీరు 'ఎదురు చెప్పడం' అని రాశారనుకోండి. తిరిగి మార్చినప్పుడు అది సరిగ్గానే వస్తుంది, కానీ మన చెవికి ఆ మాటలోనే తప్పు వినబడుతుంది కనుక ఎవరూ ఔననరు.

స్కేలు కంటే మీకు పనికివచ్చే పని, ఒక్కొక్క కబురును పట్టుకుని దాని వెంట నడవడం. డాక్టరు ఏమన్నాడు, దుబాసీ అక్కడికక్కడే ఏమన్నాడు, ఇంటికి వచ్చి వసారాలో ఏమన్నాడు, రోగి ఏమని అర్థం చేసుకున్నారు, ఫోనులో చుట్టాలకు ఏమని చేరింది అన్న ఐదు చోట్ల ఆ కబురును మీరు అందుకోవాలి. ఆరవ చోటు కూడా ఒకటి ఉంది, పరిశోధకులు దానిని తరచూ మరచిపోతారు: మందుల షాపు. మా వైపు చాలా ఊళ్ళలో షాపు నడిపేది తెలుగువారే. డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, రోగికి ఆ అక్షరాలూ రావు, ఒడియా అక్షరాలూ రావు. పొద్దున ఒకటి, రాత్రి భోజనమయ్యాక ఒకటి అని తెలుగులో మొట్టమొదట వివరించేది ఆ షాపతనే. ఒక్కోసారి ఇది ఫలానా జబ్బు మాత్ర అని నోరు జారేది కూడా అతనే.

క్షయనే తీసుకోండి. ఇంట్లో దాని పేరు చెప్పరు, 'ఊపిరితిత్తుల్లో నిమ్ము' అంటారు. నిమ్ము అంటే పదిరోజుల్లో తగ్గేదని రోగి అనుకుంటారు, క్షయ మందులు మామూలుగా ఆరు నెలలు మింగాలి. పేరు దాచినందువల్ల గడువు కూడా దాగిపోతుంది, దగ్గు తగ్గగానే మందు ఆగిపోతుంది. ఇంకో వైపు, ఈ జబ్బు దాచుదామన్నా ప్రభుత్వ పద్ధతి దాగనివ్వదు. ఇంటివారందరికీ పరీక్షలని ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తుంది. క్షయ రోగుల పోషణకు ఉద్దేశించిన నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ ఖాతా పాసుపుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. కోడలి జబ్బు అత్తగారికి తెలిసినది డబ్బు పడిన రోజునే అయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

తల్లిదండ్రుల జన్యువుల ద్వారా బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ వ్యాధి మీ అంశానికి ఇంకా లోతైన ఉదాహరణ, వీలైతే దానినే ప్రధానంగా తీసుకోమని నా సలహా. 2047 నాటికి దీనిని నిర్మూలించాలన్న లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలయ్యాక మన జిల్లాలలోనూ, అటు గడ్చిరోలి, చంద్రపూర్ వైపూ రక్త పరీక్షలు ఊపందుకున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువును ఒక్కటి చొప్పున మోస్తూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, తల్లిదండ్రులలాగే జన్యువును మోసే అవకాశం సగం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం మరో నాలుగో వంతు. శిబిరంలో ఇది చక్కగానే చెబుతారు. కానీ నలుగురిలో ఒకరికి అన్న మాట ఇంటికి చేరేసరికి, పెద్దవాడికి వచ్చేసింది కనుక మిగిలిన ముగ్గురికీ ఇక భయం లేదు అన్న అర్థం తీసుకుంటుంది. ప్రతి కాన్పుకూ పాచిక మళ్ళీ కొత్తగా పడుతుందన్న సంగతి జారిపోతుంది. ఇది భాషవల్ల వచ్చిన తేడా కాదని గమనించండి. తెలుగులో చెప్పినచోట కూడా ఇలాగే అర్థమవుతోంది.

అక్కడితో ఆగదు. బిడ్డకు వ్యాధి తేలిందంటే తల్లి ఆ జన్యువును మోస్తున్నదని, అది ఆమెకు పుట్టింటి నుంచే వచ్చిందని అర్థం. అంటే ఆమె అన్నదమ్ములలో ఒక్కొక్కరికీ కనీసం సగానికి సగం అవకాశం ఉన్నట్టే. మేనరికం చేసుకునే కుటుంబాలలో ఈ కబురు నేరుగా పెళ్ళిపీటల మీదకు వస్తుంది. బిడ్డ జబ్బు గురించి అత్తవారింట ఎవరికైనా చెప్పగలిగిన తల్లి, తన అన్నకు మాత్రం చెప్పలేకపోతుంది. చెబితే అన్న కొడుకుకు తన కూతురిని ఇవ్వాలన్న పాత మాట తప్పించుకోవడానికే ఈ వంక అంటారని ఒక భయం, పుట్టింటి రక్తం మీద మచ్చ తెచ్చిందంటారని ఇంకో భయం. జన్యువు ఒక్కటే మోసేవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, కాపురాలు చేసుకుంటారు. అయినా పరీక్ష కార్డు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ ఆ పిల్లను రోగిష్ఠి అనడం మొదలుపెడతారు. అందుకే ఆ కార్డు బీరువాలో చీరల అడుగుకు వెళుతుంది.

ఇక్కడ మీరు తప్పక చదవవలసిన సిద్ధాంతం శాండ్రా పెట్రోనియోది. సొంత సమాచారాన్ని ఆమె ఆస్తిలాగా చూస్తుంది: దానికి యజమాని ఉంటాడు, చెప్పించుకున్నవారు సహయజమానులవుతారు, ఎవరికి చెప్పాలన్న నియమాలు వారి మధ్య ఉంటాయి, నియమం తప్పితే కలకలం రేగుతుంది. మేనరికం ఇళ్ళలో కనిపించేది అచ్చంగా ఈ కలకలమే. కానీ ఆ కథ సాధారణంగా వ్యక్తి దగ్గర మొదలవుతుంది, మన కథ కొడుకు దగ్గరో మామగారి దగ్గరో మొదలై, రోగి చివరి వాటాదారు అవుతుంది. ఈ తలకిందుల క్రమాన్ని మీరు సాక్ష్యాలతో చూపగలిగితే అదే మీ థీసిస్. దీనికి తోడుగా గ్లేసర్, స్ట్రాస్ 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రులలో మరణం దగ్గరపడినవారి చుట్టూ గుర్తించిన నాలుగు స్థితులను చూడండి: రోగికి తెలియకపోవడం, అనుమానించడం, ఇరువైపులా తెలిసీ తెలియనట్టు నటించడం, బాహాటంగా తెలిసి ఉండడం. మన పెద్దావిడలు ఎక్కువమంది మూడవ స్థితిలో ఉంటారని నా అనుభవం. కొడుకు బాధపడతాడని తల్లి అడగదు, తల్లి బెంగపడుతుందని కొడుకు చెప్పడు.

కనుక మీకు మీ జబ్బు పేరు తెలుసా అన్న ప్రశ్న మీ పట్టికలో ఉండకూడదు. ఒంట్లో ఎలా ఉంది, డాక్టరు ఏమన్నారని ఇంట్లో చెప్పారు అని అడగండి, ఆమె ఎంతవరకు వస్తే అంతవరకే వెళ్ళండి. సమ్మతి పత్రం మీద పరిశోధన శీర్షికలో క్యాన్సర్ అన్న మాట ఉంటే మీ కాగితమే ఆమెకు కబురు మోసినట్టవుతుంది. జబ్బు పేరు లేని శీర్షిక పెట్టుకుని, అలా ఎందుకు పెట్టారో నైతిక పరిశీలన సంఘానికి రాతపూర్వకంగా వివరించండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సమ్మతి వయసు వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా విడిగా తీసుకోవాలి, యజమాని సంతకం ఇల్లంతటికీ చెల్లదు. దుబాసీ పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతితో పాటు ఏడు నుంచి పన్నెండేళ్ళవారి అంగీకారం నోటిమాటగా, ఆ పైవారిది రాతగా తీసుకోవాలి. హెచ్.ఐ.వి.ని ఈ పరిశోధనలోకి తీసుకురాకండి. 2017 నాటి చట్టం ఆ సమాచారం వెల్లడి మీద గట్టి కట్టుబాట్లు పెట్టింది, మొదటి పరిశోధనకు అంత బరువు వద్దు.

ఇప్పుడు మీ మొదటి సందేహం. రెండూ చేయాలి, ముందు విడివిడిగా, తరువాత అందరితో కలిపి. కలిపి కూర్చున్నప్పుడు వచ్చే సమాధానం కోసం కాదు, ఎవరు మాట్లాడుతుంటే ఎవరు లేచి మంచినీళ్ళకు వెళతారో చూడడానికి. క్రమం తిరగబడితే అందరి ముందు చెప్పిన మాటకే తరువాత ఒంటరిగానూ కట్టుబడిపోతారు. ఒక ఇంట్లో విన్నది ఆ ఇంట్లోనే మరొకరి ముందు ప్రశ్నలో తొంగిచూడకూడదు. నేను దీనికి మూల్యం చెల్లించాను. తొలిరోజుల్లో ఒక నివేదికలో పేర్లన్నీ మార్చి, ఊరు మార్చి, 'మూడవ కోడలు' అని మాత్రం ఉంచాను. ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదు. కానీ ఆ ఇంటి చదువుకున్న మరిది ఆ కాగితం చదివాడు, తన ఇంట్లో ముగ్గురు కోడళ్ళున్నారు, ఆ మాట అన్నది ఎవరో అతనికి క్షణంలో తెలిసింది. ఆ అమ్మాయి ఆరు నెలలు పుట్టింట్లో ఉంది. మార్టిన్ టోలిచ్ అనే పరిశోధకుడు 2004లో దీనినే లోపలివారి మధ్య గోప్యత అని విడదీసి చెప్పాడు. ఆ వ్యాసం అంతకుముందే నా కంటబడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకని రాసేటప్పుడు బయటివారు గుర్తుపడతారా అని కాక, ఆ ఇంటి అత్తగారు చదివితే ఏమవుతుంది అని ప్రతి వాక్యాన్నీ పరీక్షించండి. అనుమానం వస్తే రెండు మూడు ఇళ్ళ అనుభవాలను కలిపి ఒకటిగా చెప్పి, అలా కలిపానని ముందుమాటలో రాయండి.

ఎన్ని ఇళ్ళు అని మీరు అడగలేదు గాని, గైడుగారు అడుగుతారు. 2006లో గెస్ట్ బృందం పశ్చిమాఫ్రికాలో 60 ఇంటర్వ్యూలు చేసి, కొత్త విషయాలు మొదటి పన్నెండింటిలోనే దాదాపుగా తేలిపోయాయని చూపినది అందరూ వాడుకుంటారు. అది ఒకే తరహా స్త్రీలను ఒక్కొక్కరుగా అడిగిన సందర్భం. మీది ఇల్లు, ఇంటికి నలుగురైదుగురు. 25 ఇళ్ళంటేనే వందకు పైగా ఇంటర్వ్యూలు. స్కేలు మీద గైడుగారికి పట్టుదల ఉంటే, ఆ 25 ఇళ్ళలోనే వరసల వారీగా నింపించి చూపండి.

మీ నాయనమ్మగారి సంగతిని ఒక కేసుగా చేర్చవద్దు. ఆ ఇంట్లో అల్సరు అన్నవారిలో మీ నాన్నగారు ఉండవచ్చు, మీరే ఉండవచ్చు. వారి సమ్మతిని మీరు కూతురిగా అడుగుతారా, పరిశోధకురాలిగా అడుగుతారా? అలాగని దానిని మరచిపోనూ వద్దు, మిమ్మల్ని ఈ అంశం దగ్గరకు తెచ్చినది అదే. ఎవరు ఏమన్నారు, మీరు ఎక్కడ నిలబడి విన్నారు, అప్పుడు అది న్యాయమనిపించిందా, ఇప్పుడేమనిపిస్తోంది అన్నవన్నీ నాలుగైదు పేజీలలో రాయండి. ఆ కాగితాలకు తేదీ వేసి, కవరులో పెట్టి అంటించి గైడుగారి చేతికివ్వండి. మొదటి ఇంటి తలుపు తట్టేది ఆ తరువాతే కావాలి.